తల్లి చెప్పిన వెల



2025వ సంవత్సరము జూన్ నెలలో ఇంగ్లాండు రాజగు చార్లెస్, 90 యేండ్ల వృద్ధునికి సర్ అను బిరుదము నిచ్చెను. ఆ వృద్ధుని పేరు బిల్లీ బోస్టన్. ఆయన పండితుడు కాడు, సేనాధిపతి కాడు. రగ్బీ లీగు అను బంతియాట ఆడినవాడు. ఆ యాట పుట్టి 130 యేండ్లు కావచ్చినను, దానిని ఆడిన వానికి ఈ గౌరవము దొరకుట అదే మొదటిసారి. అయితే నేను చెప్పగోరునది ఆ సన్మానమును గూర్చి కాదు. ఆయన ఇరువది యేండ్లు నిండని పిల్లవాడై యున్నప్పుడు, ఇంటిలో బల్లయొద్ద జరిగిన ఒక బేరమును గూర్చి.

వేల్సు దేశములో కార్డిఫ్ అను రేవు పట్టణము కలదు. ఆ రేవు ప్రక్కనున్న పేటకు టైగర్ బే అని పేరు. బొగ్గు ఓడలు వచ్చిపోవు చోటు గనుక ఆఫ్రికావారు, అరబ్బులు, మన దేశపు ఓడ కళాసీలును అక్కడ కాపురముండిరి. బిల్లీ 1934లో అక్కడనే పుట్టెను. తండ్రి పడమటి ఆఫ్రికాలోని సియెరా లియోన్ నుండి వచ్చిన నావికుడు. తల్లి ఐర్లండు సంతతిది. బిడ్డలు పదునొకండుగురు. కార్డిఫ్ పెద్ద జట్టు ఆడు మైదానము వారి యింటినుండి నడిచిపోవునంత దూరము. ఆ జట్టు చొక్కా తొడుగుకొని ఆడవలెనని పిల్లవాని ఆశ. ఎంత బాగుగా ఆడినను ఆ జట్టువారు పిలువలేదు. దూరముననున్న నీత్ పట్టణమువారు పిలిచి ఆడించుకొనిరి. నల్లని చర్మమే దీనికి కారణమని పలువురు తలంచిరి. నేనును అట్లే తలంచుచున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పనిదే ఆ బేరము మీకు బోధపడదు. ఇంగ్లాండు ఉత్తర భాగమున గనులలోను మిల్లులలోను పాటుపడు కూలివారు రగ్బీ ఆడుచుండిరి. ఆటకు పోయిన పూట కూలి పోవును. పోయిన కూలిని జట్టు ఇచ్చుకొనవచ్చునా అను తగవు పుట్టి, 1895లో హడర్స్‌ఫీల్డ్ పట్టణమందు ఉత్తరపు జట్లు విడిపోయెను. అట్లు పుట్టినది రగ్బీ లీగు. అందులో డబ్బు పుచ్చుకొనవచ్చును. పాతదానికి రగ్బీ యూనియన్ అని పేరు. అందులో డబ్బు ముట్టుట దోషము. వేల్సువారు ప్రాణముగా చూచుకొనునది ఈ పాత యాటనే. వారిలో ఎవడైనను లీగు జట్టుతో సంతకము చేసెనా, జీవితాంతము పాత యాటనుండి వెలి. కొందరికి పాత స్నేహితుల క్లబ్బు గడప త్రొక్కుటకును వీలులేకపోయెను. 1995లో యూనియన్ వారు తామును డబ్బు నొప్పుకొనువరకు ఈ కట్టుబాటు నడిచెను. వెలి యనగా ఏమో మన పల్లెలవారికి నేను వివరింప నక్కరలేదు.

1953లో విగన్ జట్టు పెద్దలు బోస్టన్ వారి యింటికి వచ్చిరి. విగన్ ఉత్తర ఇంగ్లాండులో బొగ్గు గనులకును నూలు మిల్లులకును పేరుపొందిన పట్టణము. జరిగినది బిల్లీయే తరువాత పలుమార్లు చెప్పెను. వచ్చినవారు వెయ్యి పౌండ్ల నోట్లు బల్లమీద పెట్టిరి. ఓడమీద పనిచేయువాని ఇంట అది ఎంత సొమ్మో ఊహించుకొనుడి. పిల్లవాడు వద్దనెను. పదునైదువందలు చేసిరి. అతని మనస్సు ఇంకను కార్డిఫ్ మైదానము చుట్టునే తిరుగుచుండెను. అప్పుడు తల్లి, వీరిని నేను పంపివేసెదనని కొడుకుతో చెప్పి, మూడువేలు ఇచ్చినచో మావాడు సంతకము చేయునని వారితో అనెను.

ఇష్టములేని బేరమును మా నాయనయు ఇట్లే తెగగొట్టెడివాడు. పాడిగేదెను అడుగవచ్చిన వానితో ఇయ్యనని ముఖము మీద చెప్పుట మర్యాద కాదని, ఎవడును ఇయ్యలేని ధర చెప్పి ఊరకుండెడివాడు. వచ్చినవాడు నవ్వి, మజ్జిగ త్రాగి, పోయెడివాడు.

విగన్ వారు నవ్వలేదు. సరే యనిరి.

సంతకము చేసి, వారు వెళ్లిన పిమ్మట తాను ఏడ్చితినని బిల్లీయే చెప్పెను.

ఈ కథ వినగానే మీలో కొందరికి యెఫ్తా జ్ఞాపకమునకు వచ్చును. నాకును వచ్చెను. కాని ఆ పోలిక ఆమెకు తగదు. యెఫ్తా జయము కోరి నోరు జారెను. ఈమె కొడుకును ఇంట నిలుపుకొనవలెననియే ఆ అంకె పలికెను. పలికిన తరువాత మాట వెనుకకు తీసికొనలేదు.

పట్టణమునకును గల్ఫు దేశములకును జీతమునకు పోవు పిల్లలను గూర్చి ధనాశ అను మాటను నేను సంఘములో తేలికగా వాడియున్నాను. ఒక ఆదివారము అట్లు పలికిన తరువాత, ప్రతివారము నన్ను పలుకరించి పోవు ఒక తల్లి చెప్పులు తొడుగుకొని మౌనముగా వెళ్లిపోయెను. ఎందుకో ఆనాడు నాకు తోచలేదు. ఈ విగన్ కథ చదివిన రాత్రి తోచెను. మరునాడు ఆమె యింటికి పోతిని. ఆమె కుర్చీ వేసి, కొడుకు పంపిన ఫోటో చూపెను. నా ప్రసంగము మాట ఆమె ఎత్తలేదు, నేనే ఎత్తితిని.

బిల్లీ సంగతి ముగించెదను. విగన్ మొదటి జట్టులో ఆరు ఆటలు ఆడెనో లేదో, 1954లో గ్రేట్ బ్రిటన్ జట్టుతో ఆస్ట్రేలియాకు పోయెను. అప్పటికి 19 యేండ్లు. ఆ యాత్రలో 36 ట్రైలు చేసెను. ట్రై యనగా బంతిని ఎదుటివారి గీత దాటించి నేలకు తాకించుట. 1968 వరకు విగన్ పక్షమున 488 ఆటలలో 478 ట్రైలు చేసెను. అన్నియు సుఖముగా జరుగలేదు. 1957లో ప్రపంచ పోటీ ముగిసిన పిమ్మట తోడివారు దక్షిణాఫ్రికాలో ఆడుటకు పోయిరి. అక్కడి వర్ణభేదమువలన బోస్టన్ వారితో పోలేదు. విగన్‌లో మాత్రము ఆయన స్థిరపడిపోయెను. ఆట మానిన తరువాత మైదానము దగ్గర ఒక మద్యశాల నడపెను. ఇది మన సంఘములవారికి నచ్చదని ఎరుగుదును. అయినను దాచుట నా పని కాదు.

2016లో విగన్‌లో ఆయన విగ్రహము నిలిపిరి. 2023లో కార్డిఫ్ రేవునొద్ద మరియొకటి నిలిపిరి. అందులో ఆయనతోకూడ గస్ రిస్మన్, క్లైవ్ సల్లివన్ అనువారును ఉన్నారు. ఆ ఇద్దరును అట్లే ఊరు విడిచి ఉత్తరమునకు పోయినవారే. ఆ విగ్రహములున్న చోటు టైగర్ బే పేటను ఆనుకొనియున్నది. బిల్లీ ఆశపడిన మైదానము అక్కడినుండి నేటికిని నడిచిపోవునంత దూరమే.