పాతయింటిలో పనిగది

మా యిల్లు కొత్తపట్నములో నున్నది. ఒంగోలునకు తూర్పుగా సముద్రపుటొడ్డున నున్న యీ గ్రామమును మన విద్యార్థులలో పెక్కుమంది యెరుగుదురు. సెలవుదినములందు అలలు చూచుటకు వచ్చి, మా వీధిగుండ పోవుచు మమ్ము చూచి నమస్కరించి, వెంటనే వేగముగా నడచిపోవువారును గలరు.

ఇసుకమీద నిల్లు కట్టిన బుద్ధిహీనుని ఉపమానమును మేము ప్రతిసంవత్సరమును తరగతిలో చెప్పుచుందుము. చెప్పునపుడెల్ల మాకు లోలోపల నవ్వు వచ్చును. ఏలయనగా మా యూరంతయు ఇసుకమీదనే యున్నది. అయినను మా తాతగారు కట్టించిన యిల్లు 1977వ సంవత్సరపు నవంబరు తుపానునకును, 1990వ సంవత్సరపు మే తుపానునకును నిలిచినది. గాలివానలవలన గలుగని హాని ఆ యింటికి మా చేతులవలన గలిగెను. ఆ సంగతి దాచుకొనుటకంటె చెప్పుటయే మేలని తోచి, యీ పత్రికాముఖమున చెప్పుచున్నాము.

ముందుగా ఆ యింటి కట్టుబడిని గూర్చి కొంచెము తెలుపవలెను. గోడలు అడుగున్నర మందము గలవి. ఇటుకలను సిమెంటుతో గాక సున్నముతో కట్టిరి. సముద్రతీరమున దొరకు గుల్లలను కాల్చి, ఆ సున్నమును గానుగలో ఇసుకతో కలిపి నూరి, బెల్లపునీరును కరక్కాయనీరును చేర్చి గార వేసిరట. కప్పునకు తాటిదూలములు, వానిపై పెంకులు. నేల నాపరాళ్లు. తలుపుల బందులు ఇత్తడివి. ఇనుపబందులను మా యూరి ఉప్పుగాలి కొలది యేండ్లలోనే తినివేయును. కరవుకాలమున, 1877–78 సంవత్సరములలో, కూలిజనము కొంతభాగము త్రవ్విన బకింగ్‌హాము కాలువ మా ప్రాంతముగుండనే పోవుచున్నది. మా తాతగారి దినములలో కలపయు రాయియు ఆ కాలువమీద పడవలలో వచ్చెడివని మా యింట చెప్పుకొందురు.

వీధివైపు వసారాను ఆనుకొని యొక గది కలదు. అది మా తండ్రిగారి గది. వారును ఉపాధ్యాయులే. వారు గతించిన పిమ్మట ఆ గదిలో ధాన్యపు బస్తాలును, విరిగిన మంచమును, ఒక టేకు బీరువాయు మిగిలెను. బీరువాలో వారి పాఠ్యరచన పుస్తకములు పదునొకండు ఉండెను. మేము ఉపాధ్యాయశిక్షణ కళాశాలలో చదువునపుడు అట్టి పుస్తకములను మార్కులకొరకు వ్రాసితిమి; వారు ముప్పది యేండ్లు పిల్లలకొరకు వ్రాసిరి. ప్రతి పాఠమునకు ఎదుటి పుటలో, ఆ దినము ఏ పిల్లవానికి ఏది తెలియలేదో, ఎందుచేత తెలియలేదో రెండు మూడు మాటలలో గురుతు వేసికొనెడివారు. వానిని చక్కగా నకలు వ్రాసి యుంచవలెనని మాకు ఎన్నియో యేండ్లుగా కోరిక. “తగిన గది యొకటి యేర్పడిన పిమ్మట వ్రాసెదము” అని వాయిదా వేయుచు వచ్చితిమి.

2020వ సంవత్సరము మార్చి నెలలో కరోనా వ్యాధివలన పాఠశాలలు మూతపడెను. కొన్ని వారములకు సెల్‌ఫోనుమీదను కంప్యూటరుమీదను పాఠములు చెప్పవలసివచ్చెను. నట్టింట కూర్చుండి చెప్పబోగా, ప్రక్కన పోపు చిటపటలు, వీధిలో చేపలమ్మువారి కేకలు, మా తల్లిగారి దగ్గు, అన్నియు పాఠముతోబాటు పిల్లల చెవిని పడుచుండెను. ఇక నాన్నగారి గదినే పనిగదిగా చేసికొందమని నిశ్చయించితిమి.

ఊరిలోని ముసలి తాపీమేస్త్రి వచ్చి గోడ తట్టి చూచి, “మాస్టారూ, ఇది సున్నపు గోడ. గుండ్లకమ్మ ఇసుక తెప్పించండి, గానుగ సున్నంతోనే పూద్దాం. నెల పడుద్ది” అనెను. మాకు నెల ఆగుటకు ఓపిక లేకపోయెను. కాళ్లక్రిందనే యిసుక యుండగా గుండ్లకమ్మ యిసుకకు బాడుగ యేలయని లెక్క కట్టితిమి. సిమెంటుతో నాలుగు దినములలో ముగించెదమన్న వేరొకరిని కుదుర్చుకొంటిమి. అప్పుడు మా తల్లిగారు వసారాలో కూర్చుండి, “అబ్బాయా, మీ నాయన ఉన్నన్నాళ్లు ఆ గోడలకు సున్నమే కొట్టించాడు. సిమెంటు పూస్తే గోడకు ఊపిరాడదు” అనిరి. గోడకు ఊపిరేమని మేము నవ్వితిమి. విజ్ఞానశాస్త్రము బోధించు మేము నవ్వితిమి. అదియే యిప్పటికిని మాకు సిగ్గు.

నాలుగు దినములలో గది నున్నగా, అద్దమువలె తయారయ్యెను. తక్కిన పనులు మాత్రము శ్రద్ధగానే చేసితిమి. పాతతీగలు చెక్కపట్టీలమీద నడచినవి; వానికి ఎర్తుతీగ లేదు. కంప్యూటరు పెట్టెను తాకిన వ్రేళ్లు జిల్లుమనుచుండెను. అందుచేత పెరటిలో గోయి త్రవ్వించి, రాగిపలక దింపి, చుట్టును బొగ్గును ఉప్పును పొరలుగా వేయించి తీగ తెప్పించితిమి. ఎండిన యిసుక విద్యుత్తును సరిగా భూమిలోనికి పోనీయదు గనుక వేసవిలో ఆ గోతికి నీరు పోయుచుండవలెను. బల్లను కిటికీకి ఎదురుగా గాని వీపుగా గాని వేయక, వెలుతురు ఎడమప్రక్కనుండి పడునట్లు వేసితిమి. కిటికీ ఎదుట నున్న కండ్లు చెదరును. వెనుక నున్న తెరమీద వెలుగు పడి యక్షరములు కనబడవు. ఎడమప్రక్క నున్న కుడిచేతి నీడ వ్రాతపై పడదు. బీరువాను మాత్రము చోటు కలిసివచ్చునని గోడకు ఆనించి పెట్టితిమి.

పాఠములు సాగుచుండెను. ఒకనాడు గణితము చెప్పుచు ఒక ప్రశ్న వేయగా, తెరమీద నున్న పిల్లలెవ్వరును పలుకలేదు. కిటికీ వెలుపలనుండి “పదునాలుగు, మాస్టారూ” అని జవాబు వచ్చెను. లేచి చూడగా, వీధిచివరి చేపలవారి పిల్లవాడు అరుగుమీద కూర్చుండి, పాత క్యాలెండరు వెనుకవైపున లెక్క వేసికొనుచుండెను. వారి యింట ఫోను లేదు. ఎన్ని దినములనుండి వచ్చుచున్నావని యడుగగా, “మొదటి రోజునుంచి” అనెను. చప్పుడు రాకుండుటకై కిటికీ రెక్కలు మూసికొని చెప్పిన దినములు మాకు జ్ఞప్తికి వచ్చెను. ఆ దినములందును వాడు మూసిన రెక్కలకు చెవి యొగ్గి కూర్చుండెనట. మరునాటినుండి కిటికీ మూయలేదు. అరుగుమీద బల్ల వేయించితిమి. వారము తిరుగునప్పటికి, ఎడముగా కూర్చున్నవారు, ఐదుగురైరి. 1937వ సంవత్సరపు వేసవిలో మా యూర రాజకీయపాఠశాల పెట్టగా ప్రభుత్వము నిషేధించిన కథను పెద్దలు చెప్పగా వింటిమి. చదువుకొనవలెనన్న వారిని గోడలును ఆజ్ఞలును ఎంతకాలము ఆపగలవు!

ఆ సంవత్సరము ఈశాన్యపు వానలు విస్తారముగా కురిసెను. డిసెంబరులో క్రిస్మసు పండుగకు ఇల్లు తెల్లచేయుటకై సామానులు కదిపితిమి. బీరువా వెనుక గోడ నడుమెత్తువరకు ఉబ్బి, పెచ్చులు లేచి, తెల్లని ఉప్పు పొడివలె రాలుచుండెను. బీరువా వెనుకచెక్క మెత్తబడి చెదలు పట్టెను. తలుపు తెరవగా మట్టివాసన కొట్టెను. పదునొకండు పుస్తకములలో ఏడు మన్నయిపోయెను. ఒకదానిని చేత బట్టగా అట్ట మాత్రము మా చేతిలో నిలిచి, లోపలి కాగితము పొట్టువలె నేలమీద రాలెను.

దీని కారణము కఠినమైనది కాదు. ఆరవ తరగతి బాలునకైన తెలుపవచ్చును. దీపపువత్తి నూనెను పైకి పీల్చినట్లు ఇటుక నేలలోని తేమను పీల్చును. మా యూరి నేలలో ఆ తేమతోబాటు ఉప్పును వచ్చును. సున్నపుగార సన్నని రంధ్రములు గలది గనుక తేమ దానిగుండ వెలికివచ్చి గాలిలో ఆరిపోవును. మా తల్లిగారు ఊపిరి యన్నది ఇదియే. సిమెంటు బిగువైనది, తేమను వెలికిరానీయక లోపల బంధించును. వెలికిరాలేని తేమ గోడలో మరింత యెత్తునకు ఎక్కును. ఉప్పు లోపలనే గట్టిపడి స్ఫటికములై యిటుకను పగులగొట్టును. దానికి తోడు మేము ఉప్పుగాలి సోకిన యిసుకనే పూతలో కలిపి, శత్రువును చేజేత లోనికి పిలిచితిమి. గోడకు ఆనిన బీరువా వెనుక గాలి యాడదు. తేమ యున్నచోటికి చెదలు రాకమానవు.

ఆ రాత్రి మా తల్లిగారియొద్దకు పోయి, పుస్తకములు పోయినవని చెప్పితిమి. వారు మమ్ము దూషింపలేదు. చాలసేపు ఊరకుండి, “మిగిలినవి ఎన్ని?” అని యడిగిరి. నాలుగని చెప్పితిమి. “అవన్నా ఈ రాత్రే మొదలుపెట్టు” అనిరి.

తడిసిన ఆ నాలుగింటిని ఎండలో పెట్టక నీడను, పుటలమధ్య అద్దుడుకాగితము లుంచి, ఆరబెట్టితిమి. ఆరిన పుట ఆరినట్లు నకలు వ్రాసితిమి. వేసవి రాగానే ముసలిమేస్త్రిని పిలువనంపి క్షమాపణ చెప్పుకొంటిమి. ఆయన సిమెంటంతయు చెక్కించి, ఉప్పును నీటితో కడుగక పొడికుంచెతో దులిపించి, వేసవియంతయు గోడను ఎండనిచ్చి, గుండ్లకమ్మ యిసుకతో సున్నపుగార వేసెను. నెల పట్టునన్న పని మూడు నెలలు పట్టెను. బీరువా యిప్పుడు గోడకు జానెడు దూరమున, రాతిదిమ్మెలమీద నున్నది. 2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన బాపట్ల సమీపమున తీరము దాటిన మిచౌంగు తుపాను వానలకు గోడ తడిసినది, మరల ఆరినది.

మిగిలిన పుస్తకములలో ఒక పుటయం దిట్లున్నది: ఒక బాలుడు భాగహారము తప్పు చేయుచుండెననియు, మందబుద్ధి యని తాము తలంచితిమనియు, విచారింపగా వాడు ఉదయమున ఏమియు తినక వచ్చుచుండెననియు, మా తండ్రిగారు వ్రాసికొనిరి. బాలుని పేరు చెదలు తినివేసెను. తెరమీద మేము చూచిన చిన్న చిన్న ముఖములలో ఎవరు తిని వచ్చిరో, ఎవరు తినలేదో మాకు తెలియలేదు. అరుగుమీది యైదుగురిని మాత్రము అడిగి తెలిసికొనగలిగితిమి. నాటినుండి మేమును పాఠమునకు ఎదుటిపుటలో గురుతులు వ్రాసికొనుచున్నాము.

ప్రియ విద్యార్థులారా, మీలో ననేకులు పాతయిండ్లలో నివసించువారు. చదువుకొనుటకు ఒక మూల సవరించుకొనుడు, అది మంచిదే. గాని మేకు కొట్టుటకు ముందు ఆ యింటిలో పెద్దకాలము బ్రదికినవారిని ఒకమాట యడుగుడు. తగిన గది దొరకినప్పుడు చేసెదమని దాచియుంచిన పని మీకేదైన నున్నచో, దానిని వంటయింటి గడపమీద కూర్చుండియైనను నేడే మొదలుపెట్టుడు. మా పనిగది యిప్పుడు బాగుగనే యున్నది. ఏడు పుస్తకముల చోటు మాత్రము బీరువాలో ఖాళీగా నున్నది. అందు మరియేమియు పెట్టుటకు మాకు చేయి రాలేదు.