మరలివచ్చిన దారి

మాది అనంతపురము జిల్లాలోని యొక చిన్న గ్రామము. అచ్చట వానచినుకే అపురూపము. ఇక మంచు మాట చెప్పనేల? మాఘమాసపు తెల్లవారుజామున చేలపై పలుచని పొగమంచు పరచుకొనినచో దానినే మేము వింతగా చూచెడివారము. అట్టి నేను అరువదియేండ్ల ప్రాయమున, కాళ్ళకు పొడవైన పలకలు తగిలించుకొని, గడ్డకట్టిన సరస్సుపై నడచితిననిన మా గ్రామస్థులు నేటికిని నమ్మరు. ఆ కథను మీకు చెప్పెదను. నేను చేరిన చోటును గూర్చి చెప్పవలసినది ఇందు కొంచెమే. చేరకయే మరలివచ్చిన చోటును గూర్చి చెప్పవలసినది ఎక్కువ.

మా పెద్దమ్మాయియు, అల్లుడును నార్వే దేశపు రాజధానియగు ఓస్లో నగరమున ఇంజనీర్లుగా పనిచేయుచున్నారు. 2018వ సంవత్సరము మార్చి నెలలో నేను వారి యింటికి పోయితిని. ఈస్టరు సెలవులు రాగానే ఆ దేశీయులు పెక్కుమంది పట్టణములు విడిచి కొండలకు పోవుదురు. నారింజపండ్లును, చాక్లెట్లును సంచిలో వేసికొని, పగలెల్ల స్కీలపై తిరిగి, సాయంకాలము చలిమంట చుట్టు చేరి కబుర్లు చెప్పుకొనుట వారికి తరతరములుగా వచ్చుచున్న యాచారము. మా పిల్లలును దానిని అలవరచుకొనిరి. “నాన్నగారూ, ఈసారి మీరును మాతో ఫిన్సేకు రావలెను” అని అమ్మాయి పట్టుపట్టెను. పదుమూడేండ్ల మా మనుమడు నా చేయి పట్టుకొని, “తాతగారూ, మీకు స్కీలు నేర్పు పూచీ నాది” అనెను. ఇక కాదనుటకు నాకు నోరు రాలేదు.

ఫిన్సే యనునది ఓస్లో నుండి బెర్గెన్ నగరమునకు పోవు రైలుమార్గమున నున్నది. సముద్రమట్టమునకు 1,222 మీటర్ల ఎత్తున నున్న ఆ స్టేషను నార్వే రైలుస్టేషనులలో నెల్ల ఎత్తైనది. ఈ మార్గము 1909లో పూర్తియైనది; అదే యేట స్టేషను ప్రక్కనే యాత్రికులకొక హోటలును వెలసినది. నేటికిని అచ్చటికి మోటారు రోడ్డు లేదు. రైలు దిగినవారు కాలినడకనో, స్కీలపైననో పోవలసినదే.

ఓస్లోలో బయలుదేరిన నాలుగున్నర గంటలకు మేమచ్చట దిగితిమి. కనుచూపుమేర నొక్క చెట్టైనను లేదు. నేలయు, ఆకాశమును ఏకిన దూది పరచినట్లు తెల్లగా నుండెను. ఎదుట ఫిన్సే సరస్సు గడ్డకట్టి మైదానమువలె కనబడెను. దాని కావల దక్షిణమున హర్దంగెర్‌యోకులెన్ అను మహాహిమరాశి 1,800 మీటర్లకు మించిన యెత్తున తెల్లని గుమ్మటమువలె వెలుగుచుండెను. ఆ హిమరాశినుండి ఫిన్సే వైపునకు చాచిన నాలుకవంటి భాగమునకు బ్లాఇసెన్ అని పేరు; నీలిమంచు అని దాని యర్థము. ఆ పేరు విన్న క్షణముననే దానిని దగ్గరనుండి చూడవలెనను కోరిక నా మనస్సున నాటుకొనెను.

స్కీలనగా మనిషి ఎత్తును మించిన పొడవు గల సన్నని పలకలు. పూర్వకాలపు నార్సు భాషలో ఈ పదమునకు చీల్చిన కొయ్య యని యర్థము. కొండవాలునుండి వేగముగా జారుటకు వాడు స్కీలు వేరు. మిట్టపల్లములలో దూరప్రయాణమునకు వాడునవి వేరు. మేము వాడినవి రెండవ రకమువి. వీనియందు బూటు మునివేళ్ళ దగ్గర మాత్రమే పలకకు తగులుకొనియుండును. మడమ స్వేచ్ఛగా పైకి లేచును. పలక నడుమ వింటిబద్దవలె కొంచెము పైకి వంగియుండును. ఒక కాలిపై బరువంతయు మోపినపుడు ఆ నడిమి భాగము మంచును తాకి, అడుగున పూసిన మైనముచే దానిని పట్టుకొనును. అప్పుడు ముందుకు తన్నుకొనవచ్చును. బరువు తగ్గగానే నడుమ పైకి లేచును, పలక నున్నగా జారిపోవును. పట్టును, జారుడును ఒక్క పలకయందే యిమిడియుండుట ఇందలి చమత్కారము. చలి మిక్కుటమైన దినమున గట్టి మైనమును, తడిమంచుపై జిగట మైనమును పూయుదురు.

మొదటినాడు నా యవస్థ చెప్పరానిది. పాచిపట్టిన దిగుడుబావి మెట్లపై నిలుచున్నట్లుండెను. పడితిని, లేచితిని, మరల పడితిని. సరస్సుపై యంత్రముతో వేసిన రెండు చాళ్ళుండెను. మెత్తని నేలపై ఎద్దులబండి చక్రములు వేసిన జాడలవలె అవి సమాంతరముగా సాగియుండెను. ఆ జాడలలో నా పలకలనుంచి మా మనుమడు, “తాతగారూ, క్రిందికి చూడకుడు, ముందుకు చూడుడు” అని హెచ్చరించుచుండెను. నేను వానికి అక్షరములు దిద్దించిన దినములు నాకు జ్ఞప్తికి వచ్చెను.

నాకు మరియొక గురువును లభించెను. ఆమె మా అమ్మాయి పొరుగింటి వృద్ధురాలు. డెబ్బదియేండ్లు దాటిన విశ్రాంత ఉపాధ్యాయిని. బాల్యమునుండి ప్రతి యీస్టరునకు ఫిన్సేకు వచ్చుట ఆమెకు వాడుక. మాతో ఇంగ్లీషున మాటలాడెడిది. మూడుదినములలో నేను పడకుండ సరస్సును దాటగలిగితిని. దానితో నాకు గర్వము పొడసూపెను. ఆ రాత్రి భోజనసమయమున, “ఈ దేశపు నాన్సెన్ 1888లో ఐదుగురు సహచరులతో స్కీలపై గ్రీన్‌లాండును అడ్డముగా దాటెను. జనులు మిక్కిలి అరుదైన తూర్పుతీరమునుండి బయలుదేరి, వెనుకకు పోవు దారి లేకుండ తానే చేసికొనెను. వీరుడనిన అట్లుండవలెను!” అని నేను మనుమనికి బోధించితిని. వృద్ధురాలు చిరునవ్వు నవ్వి ఊరకుండెను.

నాలుగవనాడు అమ్మాయికి జ్వరము తగిలినందున ఆమెయు, అల్లుడును హోటలుననే నిలిచిరి. వృద్ధురాలు, మనుమడు, నేను ఉదయముననే బయలుదేరితిమి. మధ్యాహ్నమునకు గాలి హెచ్చునని వాతావరణ సూచన యుండెను. అందుచే ఆమె మేము పోవు దారిని, తిరిగివచ్చు వేళను అల్లునికి చెప్పి, సంచిలో పార, అదనపు ఉన్నిబట్టలు, వేడి పానీయము పెట్టుకొనెను. ఇంత చిన్న ప్రయాణమునకు పార యేల యని నేను లోలోన నవ్వుకొంటిని.

ఆ పర్వతములపై శీతకాలపు దారులకు భూర్జవృక్షపు కొమ్మలే గుర్తులు. మంచులో వరుసగా గ్రుచ్చిన ఆ కొమ్మలను చూచుకొనుచు యాత్రికులు పోవుదురు. మేమును వాని వెంట దక్షిణముగా సాగితిమి. గంట గడచిన పిమ్మట వృద్ధురాలు ఆగి, “బాబూ, ముందు ఎన్ని కొమ్మలు కనబడుచున్నవి?” అని అడిగెను. మనుమడు లెక్కించి, “పది” అనెను. మరికొంతసేపటికి గాలి లేచెను. నేలమంచు పొగవలె పాదములచుట్టు పరుగిడసాగెను. ఆమె మరల అడిగెను. “ఆరు” అని వాడు బదులు చెప్పెను. మూడవసారి అడిగినపుడు వాడు కన్నులు చిట్లించి చూచి, మెల్లగా, “మూడు” అనెను.

ఆమె కర్రలు మంచులో నాటి, “ఇక మరలుదము” అనెను.

“అమ్మా, ఇంక అరగంట దూరమే కదా! వేల మైళ్ళు దాటివచ్చి ఇచ్చట ఆగుదునా?” అంటిని. ఇది నోటిమాట మాత్రము కాదు. నేను ముప్పదియేండ్లు తెలుగుపండితుడుగా పనిచేసితిని. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితములలో కార్యారంభమును గూర్చిన పద్యమును వేలమంది విద్యార్థులచే కంఠస్థము చేయించితిని. విఘ్నములకు వెరచి మొదలే పెట్టనివారు అధములు, మొదలుపెట్టి విఘ్నము రాగానే విడుచువారు మధ్యములు, ఎన్ని విఘ్నములు వచ్చినను విడువనివారు ధీరులు అని దాని భావము. ఆ పద్యము చెప్పిన నోటితో మరలుదమని యెట్లు చెప్పగలను? నేను మధ్యముడనగుటకు నా మనస్సు అంగీకరింపకుండెను.

ఆమె వాదింపలేదు. “మీరు పెద్దవారు. మిమ్ము లాగుకొనిపోజాలను. బాలుని మాత్రము నాతో తీసికొనిపోయెదను” అనెను. అప్పుడు మా మనుమడు నా ప్రక్కకు వచ్చి నిలిచి, “తాతగారూ, మిమ్ము ఒంటిగా విడిచి నేను పోను. మీరు ముందుకు పోయినచో నేనును వత్తును” అనెను.

నేను వాని ముఖము చూచితిని. కనురెప్పల వెంట్రుకలపై మంచు పేరుకొనియుండెను. కర్రను పట్టిన చేయి వణకుచుండెను. వానికి భయము లేకపోలేదు. భయపడుచునే నాతో వచ్చుటకు నిలిచియుండెను. నేను ధైర్యమనుకొనినది నా పంతమే యనియు, ఆ పంతమునకు బలి కాగలవాడు ఈ పసివాడనియు ఆ క్షణమున నాకు తోచెను. ముందుకు చూచితిని. మూడు కొమ్మలలో నొకటి అప్పటికే మాయమైనది.

“పదుడు, మరలుదము” అంటిని. ఆ రెండు మాటలు పలుకుట ఆ నాలుగుదినములలో నేను చేసిన పనులలో నెల్ల కష్టమైనది.

మరలుట సులభమని తలంచితిని, అదియును పొరపాటే. గాలి ఇప్పుడు ఎదురుగా కొట్టసాగెను. నేలకును నింగికిని భేదము కనబడదయ్యెను. మా జాడలు అప్పటికే పూడిపోయెను. ఒక కొమ్మ కడనుండి రెండవ కొమ్మ కనబడనపుడు, నేనును మనుమడును ఆ కొమ్మను విడువక నిలిచెడివారము. వృద్ధురాలు కొన్ని అడుగులు ముందుకు పోయి వెదకి, కనుగొని, కేక వేసెడిది. మా గొంతులు ఒకరికొకరికి వినబడునంత దూరమును ఆమె యెన్నడును దాటలేదు. అట్లు కొమ్మనుండి కొమ్మకు వచ్చితిమి. పోవునపుడు గంటన్నర పట్టిన దారి వచ్చునపుడు మూడుగంటలు పట్టెను. చివరకు స్టేషను దీపములు మసకగా కనబడెను. అమ్మాయి జ్వరముతోనే వాకిట నిలిచియుండెను. కొడుకును చూడగానే వానిని కౌగిలించుకొని, నా వైపు తిరిగి యేమో చెప్పబోయి, చెప్పలేక ఏడ్చెను.

ఆ రాత్రి చలిమంట కడ నేను తలవంచుకొని కూర్చుంటిని. వృద్ధురాలు నా ప్రక్కన కూర్చుండి, “మీరు నాన్సెన్ కథ సగమే చెప్పితిరి. మిగిలినది నేను చెప్పుదునా?” అనెను. “గ్రీన్‌లాండును దాటిన ఆ నాన్సెనే 1895లో ఒక సహచరునితో స్కీలపై ఉత్తరధ్రువమునకు పయనించెను. ఏప్రిల్ 8వ తేదీన 86 డిగ్రీల 14 నిమిషముల అక్షాంశము చేరెను. అంతకుముందు ఏ మానవుడును అంత ఉత్తరమునకు పోయి యెరుగడు. అయినను ఎదుట మంచుగడ్డలు గుట్టలుగా పడియుండుట చూచి, అచ్చటనే మరలెను. మరలినందుననే బ్రతికెను. బ్రతికినందుననే మొదటి ప్రపంచయుద్ధానంతరము లక్షలకొలది బందీలకును, కాందిశీకులకును అండయై, 1922లో నోబెల్ శాంతి బహుమానమును పొందెను.”

ఆమె కిటికీవైపు చూపి మరల ననెను: “1914లో ఇంగ్లండునుండి షాకల్టన్ తన సాధనములను పరీక్షించుటకు ఈ ఫిన్సేకే వచ్చెను. అంతకు ఐదేండ్లముందు, 1909 జనవరి 9న, ఆయన దక్షిణధ్రువమునకు ఇంచుమించు 180 కిలోమీటర్ల దూరమున నిలిచియుండెను. ఆహారము చాలదని గ్రహించి మరలెను. తన వెంటనున్న ముగ్గురను ప్రాణములతో ఇల్లు చేర్చెను.”

మా మనుమడు ఒక చాక్లెట్ కాగితమును విప్పి నా చేతికిచ్చెను. దాని లోపలివైపున పర్వతయాత్రికులకు విధించిన తొమ్మిది సూత్రములు అచ్చువేయబడియున్నవి. ఆ దేశపు పిల్లలందరును ఎరిగినవే యట. ఎనిమిదవ దానిని వాడు నాకు అర్థము చేసి చెప్పెను: సకాలమున మరలవలెననియు, మరలుటలో సిగ్గుపడవలసినది లేదనియు దాని భావము. ముప్పదియేండ్లు పిల్లలకు పద్యార్థములు చెప్పిన నాకు ఆ రాత్రి ఒక పిల్లవాడు అర్థము చెప్పెను.

మరునాటి యుదయము ఆకాశము నిర్మలముగా నుండెను. దూరమున నీలిమంచు ఎండలో మెరయుచుండెను. కాని మా రైలు వేళయైనది. నేను దానిని దగ్గర చూడలేదు. ఇక చూతునన్న ఆశయు లేదు. రైలు కదలినపుడు మనుమడు నా భుజముపై తలవాల్చి నిద్రించెను.

ఇప్పుడు మా యింటి అరుగుపై సాయంకాలము కొందరు పిల్లలకు పద్యములు చెప్పుచున్నాను. భర్తృహరి పద్యము వచ్చినపుడు ఈ కథను కూడ చెప్పుదును. ధీరుడు కార్యమును విడువడు, నిజమే. కాని తన కార్యమేదియో వాడు ముందుగా ఎరిగియుండవలెను. ముగ్గురము పోయి ముగ్గురము తిరిగివచ్చుటయే ఆనాటి మా కార్యము. మంచును చూచుట దానిలో నొక భాగము మాత్రమే. కీడును చూడకముందే బెదరి మరలుట వేరు, కొమ్మలు లెక్కించి మరలుట వేరు.

ఇటీవల ఈ కథ విని ఒక బాలిక, “అయ్యవారూ, మరి మీరు ధీరులా, మధ్యములా?” అని అడిగెను. నేను నవ్వి, “ఆ మాట మా అమ్మాయిని అడుగవలెను, తల్లీ” అంటిని.