గని అడుగున నీటి లెక్క

సింగరేణిని గూర్చి వ్రాసినవారందరును 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొన్న వృత్తాంతముతో ఆరంభించి, 1920లో నేటి కంపెనీ ఏర్పడిన సంగతిని స్మరించి, పిమ్మట ఏటేట వెలికివచ్చు బొగ్గు టన్నులను లెక్కించి సంతుష్టులగుదురు గాని, ఆ బొగ్గుతోపాటు రేయింబవళ్లు పైకి తోడవలసివచ్చు నీటిని గూర్చి పలికినవారు అరుదు. గోదావరీలోయలోని బొగ్గుపొరలు రంధ్రములు గల ఇసుకరాతి నడుమ ఒదిగియున్నవి. ఆ రాయి వానకాలమున త్రాగిన నీటిని సంవత్సరమంతయు మెల్లమెల్లగా విడుచుచుండును. బొగ్గు తీసి ఖాళీచేసిన ప్రతి తావునకును ఆ నీరు దారి వెదకికొని చేరును. ఎంత చేరుచున్నదన్న ప్రశ్నకు సమాధానమెట్లు రాబట్టుదురో చూడవలెనని నేను గోదావరిఖని సమీపమున ఒక భూగర్భగనికి పోయితిని.

లాంపురూములో టోపీలైటు తగిలించి, జేబులు తడిమి చూచి, అగ్గిపెట్టె లేదని రూఢి చేసికొనిన పిమ్మటనే లోనికి పంపిరి. చెమ్మగిల్లిన డిప్పు, అనగా వాలుదారి, వెంట చాలదూరము దిగి, గాలి బరువెక్కినట్లు తోచునంతలో, ఎదుట దీపపు వెలుగులో నల్లగా మెరయు నీటిమడుగొకటి కానవచ్చెను. అదియే సంపు. బొగ్గు తీసిన గ్యాలరీయొకటి అన్నిటికంటె పల్లమున ఉండుటచే దానినే సంపుగా మార్చిరి. ఒడ్డున దిమ్మెమీద పంపు, దాని ప్రక్క బల్లపై కూర్చున్న వయోవృద్ధుడైన పంపు ఆపరేటరు, ఆయన చేతిలో అంచులు నలిగిన రిజిస్టరు. నన్ను వెంటబెట్టుకొని వచ్చిన ఓవర్‌మ్యాన్ ఆయనను "అన్నా" అని పిలుచుటలో మర్యాదతోపాటు కొంత భయము కూడ నాకు వినిపించెను.

పంపు నిమిషమునకు 500 గ్యాలన్లు తోడునని దాని రేకుపై చెక్కియున్నది. దినమునకు సుమారు 8 గంటలు నడచుచున్నదని రిజిస్టరు చెప్పుచున్నది. కావున వచ్చు నీరు దినమునకు 2,40,000 గ్యాలన్లని నేను నోటిలెక్కగా తేల్చి చెప్పగా ఆపరేటరు నవ్వి, "రేకుమీద ఐదొందలే రాసుంది సార్. అది పంపు కొత్తగున్నప్పటి ముచ్చట" అనెను. బొగ్గుమట్టి కలిసిన నీరు లోపలి చక్రమును నడచినంతసేపు ఒరసికొని పోవుచుండగా దాని రెక్కలు అరిగిపోవును. చూషణపు జల్లెడకు చెత్త అడ్డుపడును. గొట్టములో మట్టి పేరుకొనును. ఇవి యేవియు రేకుమీది అంకెను మార్చవు. వ్యయమునకు సరియైన లెక్క లేని గృహస్థు ఆదాయమును ఊహించుట ఎట్టిదో, పంపు గంటలను రేకు అంకెతో గుణించి నీటిరాకను నిర్ణయించుటయు అట్టిదే.

మరి అసలు లెక్క ఏది? ఓవర్‌మ్యాన్ పంపును ఆపించెను. అంతవరకు చెవులను నింపిన హోరు చల్లారగనే, ఏ మూలనుండియో సన్నగా జారిపడు నీటిచప్పుడు తెలిసివచ్చెను. గోడపై తెల్లరంగుతో సెంటీమీటరునకొకటి చొప్పున గీతలు గీసియున్నవి. ఆపరేటరు సుద్దముక్కతో నీటియంచున గుర్తుపెట్టి గడియారము చూచుకొనెను. పది నిమిషములలో నీరు 5 సెంటీమీటర్లు పైకి వచ్చెను. ఆ మట్టమువద్ద సంపు వైశాల్యము 120 చదరపు మీటర్లు. కావున పది నిమిషములలో చేరినది 6 ఘనమీటర్లు, అనగా నిమిషమునకు 600 లీటర్లు, వారి వాడుకలో 132 గ్యాలన్లు. ఇక పంపును మరల నడిపించి చూడగా, నీరు నిమిషమునకొక సెంటీమీటరు చొప్పున దిగజొచ్చెను. దిగుచున్నది 1,200 లీటర్లు. ఆ నిమిషములోనే కొత్తగా వచ్చి చేరుచున్న 600 లీటర్లను కూడ పంపే తోడవలెను గదా! రెండును కలుపగా పంపు శక్తి 1,800 లీటర్లు, అనగా 396 గ్యాలన్లు. నేను ఊహించిన 2,40,000 గ్యాలన్లలో దినమునకు 50,000 గ్యాలన్లు గాలిలో కట్టిన మేడయని తేలిపోయెను. పంపును కొలువవలెనన్న ముందుగా నీటిని కొలువవలెను. నీటిని కొలువవలెనన్న ముందుగా పంపు నోరు మూయించవలెను. ఇంతటి సులభమైన సంగతి ఇంజనీర్ల నివేదికలలో కూడ తరచుగా తలక్రిందులగుట నాకు వింతగా తోచును.

అయితే ఇందులోను మోసములున్నవి. సంపు అడుగు సమతలము కాదు, ఆరింటికొకటిగా వాలియున్నది. నీరు 10 సెంటీమీటర్లు పెరిగినచో నీటిపొడవు 60 సెంటీమీటర్లు పెరుగును. కావున ఏ గీతవద్ద ఎంత వైశాల్యమో సర్వే ఆఫీసువారు పట్టికగా వ్రాసియిచ్చిరి. అడుగున బురద చేరినకొలది ఆ పట్టికయు పాతబడును. అంతకంటె గడుసైనది గొట్టము. పైకి పోవు గొట్టము 15 సెంటీమీటర్ల వ్యాసము, 400 మీటర్ల పొడవు కలది. దానిలో నిలుచు నీరు 7,000 లీటర్లు. ఫుట్‌వాల్వు సరిగా మూసికొననిచో పంపు ఆగిన మరుక్షణమునుండి ఆ నీరంతయు వెనుకకు దిగివచ్చి సంపులో దాదాపు 6 సెంటీమీటర్లు పెరుగును. పది నిమిషములకు 5 సెంటీమీటర్లు కొలుచు చోట ఇది ఎంతటి అబద్ధమో చెప్పనక్కరలేదు. అందుచేతనే ఆపరేటరు పంపు ఆపుటకు ముందుగా డెలివరీ వాల్వును చేతితో బిగించెను. ఆ పనిని ఎవరును ఆజ్ఞాపింపలేదు, రిజిస్టరులో దానికొక గడియు లేదు.

సంపునకు ఎగువన, గోఫు, అనగా బొగ్గు తీసి విడిచిన ఖాళీ, వైపునుండి వచ్చు కాలువకు అడ్డముగా ఇనుపరేకు నిలిపి, దాని నడుమ తొంబది డిగ్రీల త్రికోణపు గండి కోసిరి. ఇట్టి గండిని గూర్చి పందొమ్మిదవ శతాబ్దిలో లార్డ్ కెల్విన్ అన్నగారైన జేమ్స్ థామ్సన్ శోధించెను. గండి కొననుండి నీటిమట్టము 10 సెంటీమీటర్లున్నచో నిమిషమునకు సుమారు 260 లీటర్లు పారును. మట్టము రెట్టింపైనచో పారుదల రెట్టింపుగాక అయిదున్నర రెట్లకు పైగా పెరుగును. ఆ మట్టమును గండివద్ద కొలువరాదు. అక్కడ నీరు దూకుటకు ముందే వంగియుండును. కొంత దూరము వెనుకకు పోయి, నిశ్చలముగా నున్నచోట కొలువవలెను. మేము పోయినపుడు సరిగా 10 సెంటీమీటర్లే యుండెను. అనగా సంపులో చేరు 132 గ్యాలన్లలో గోఫు ఇచ్చునది 57 మాత్రమే.

మిగిలినది ఎక్కడిదని అడిగితిని. "అది మనం పోసిందే సార్" అని ఓవర్‌మ్యాన్ మరొక లెవెల్‌వైపు చేయి చూపెను. బొగ్గు తీసిన ఖాళీలను నింపుటకు నీటితో కలిపి ఇసుకను పైనుండి గొట్టములద్వారా పంపుదురు. ఇసుక అచట నిలిచిపోగా నీరు వడిసి సంపునకు చేరును. కావున పనిదినమున కొలిచిన లెక్కలో భూమి ఇచ్చినదెంతో, మనమిచ్చి తిరిగి పుచ్చుకొన్నదెంతో కలగలిసి యుండును. ఇసుక నింపుడు లేని ఆదివారమునాటి కొలతలను రిజిస్టరులో వేరుగా ఎఱ్ఱసిరాతో వ్రాయుచున్నారు. నాకు ఆ పుస్తకమంతటిలోను మిక్కిలి విలువైనవి ఆ ఎఱ్ఱ అంకెలే యనిపించెను. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపమున చాస్‌నాలా గనిలోనికి పాత పనులలోని నీరు ఒక్కుమ్మడిగా విరుచుకొనిపడి మూడువందల డెబ్బదిమందికి పైగా ప్రాణములను బలిగొనిన తరువాత, కారణము తెలియని పెరుగుదలను తేలికగా కొట్టివేయుటకు ఏ గనివాడును సాహసింపడు. ఆదివారపు అంకె కదలినచో, దాని కారణమును ఆదివారముననే వెదకుదురు.

కొలత యొక్క మరియొక ప్రయోజనమును ఆపరేటరే నాకు తెలియజెప్పెను. పై గీతకు మీదుగా సంపులో ఇంకను 240 ఘనమీటర్ల చోటున్నది. పంపు చెడినయెడల నేటి రాక ప్రకారము ఆ చోటు నిండుటకు ఆరు గంటల నలుబది నిమిషములు పట్టును. వానకాలమున రాక రెట్టింపగునని పాత రిజిస్టర్లు చెప్పుచున్నవి. అప్పుడు దక్కు వ్యవధి మూడు గంటల ఇరువది నిమిషములు. మోటారు మార్చుటకు ఒక షిఫ్టంతయు కావలెను. ఈ లెక్కను రిజిస్టరు చివరిపుటలో పెన్సిలుతో వ్రాసి, రెండవ పంపును వానలకు ముందే దింపవలెనని క్రింద సంతకము చేసియుండిరి. ఓవర్‌మ్యాన్ దానిని మరొకసారి చదివి, "దిమ్మె కట్టుడు అయిపోతే వచ్చే వారం దింపుతమన్నరు అన్నా" అనగా, ఆపరేటరు "దిమ్మెకు సిమెంటు నిన్ననే దిగింది" అని బదులు చెప్పి, డెలివరీ వాల్వును తెరచి పంపు బొత్తాము నొక్కెను.