చలినగరంలో ఒక వ్యాయామశాల

వైద్యవృత్తి నుంచి విరమించిన నాటినుంచి నా ఉదయపు నడక కంచన్‌బాగ్‌లోనే సాగుతోంది. మిధానీ వైపు వెళ్ళే దారిలో, రక్షణ పరిశోధనాశాలల పొడవైన ప్రహరీల పక్కగా నలభై నిమిషాలు నడుస్తాను. ఒక్కరోజు కనబడకపోతే మరునాడు "డాక్టరుగారూ, నిన్న రాలేదేం?" అని అడిగేవారు ముగ్గురు నలుగురైనా ఉంటారు. ఆ ప్రశ్న కూడా ఒక ఔషధమేనని నాకు తెలిసింది మాత్రం ఇక్కడ కాదు. 2025 జనవరిలో, కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో.

నా మనవరాలు 2024లో వైద్యవిద్యకై ఆ నగరానికి వెళ్ళింది. తెలుగునాట నుంచి ఏటా ఎందరో పిల్లలు అక్కడికి వెళ్తున్నారు. ఇక్కడి ప్రైవేటు కళాశాలల రుసుములు భరించలేని కుటుంబాలకు అదొక దారి. అక్కడి సోమ్ విలువ మన రూపాయికి దాదాపు సమానం. గది అద్దె, కూరగాయలు, బస్సు ఛార్జీలు మధ్యతరగతికి అందుబాటులోనే ఉంటాయి. అయితే ఆమె బయలుదేరడానికి కొద్ది నెలల ముందు, మే 17 రాత్రి, అల్లరిమూకలు విదేశీ విద్యార్థుల వసతిగృహాలపై దాడి చేశాయి. ఆ దృశ్యాలు చూసిన మా ఇంటిల్లిపాదికీ నిద్ర పట్టలేదు. అందుకే ఆమెకు ఒక నియమం విధించాము: చీకట్లో గడప దాటరాదు. ఆ నియమాన్ని ప్రతిపాదించినవాణ్ణి నేనే.

బిష్కెక్ గడియారం మనకంటే అరగంట మాత్రమే ముందు. కానీ డిసెంబరులో అక్కడ ఉదయం ఎనిమిది దాటితేగాని సూర్యుడు కనబడడు. సాయంత్రం అయిదున్నరకల్లా అస్తమిస్తాడు. ఆ తొమ్మిది గంటల వెలుగంతా తరగతి గదిలోనే గడిచిపోతుంది. అంటే మా నియమం ప్రకారం ఆ పిల్లకు ఆరుబయట మిగిలిన సమయం శూన్యం.

వీడియోలో చూసినప్పుడు ఆమె కాస్త ఒళ్ళు చేసినట్లు కనిపించింది. "తిండి సరిపడినట్లుంది" అని నా శ్రీమతి సంతోషించింది. నేనూ తల ఊపాను. ఆదివారాలు మధ్యాహ్నం దాకా నిద్రపోతోందంటే చదువు అలసట అనుకున్నాను. తీపి, రొట్టె తప్ప మరేమీ తినబుద్ధి కావడం లేదంటే నవ్వాను. అతినిద్ర, పిండిపదార్థాలపై యావ, బరువు పెరగడం, నిరుత్సాహం: శీతకాలపు కుంగుబాటు లక్షణాలు ఇవే. 1984లో నార్మన్ రోజెంతాల్ బృందం దీనిని వర్ణించి పేరు పెట్టింది. పరాయి రోగిలో అయితే పది నిమిషాల్లో పట్టుకునేవాణ్ణి. "తాతయ్యా, తిరిగి వచ్చేస్తాను" అని ఆమె ఏడ్చిన రాత్రి గానీ నాకు మెలకువ రాలేదు. ఢిల్లీ మీదుగా బయలుదేరి, నాలుగు వారాలు అక్కడ ఉన్నాను.

మొదట ఆమెను అక్కడి వైద్యురాలికి చూపించాము. సొంతవారికి స్వయంగా వైద్యం చేయరాదన్నది నా పాత నియమం. విటమిన్ డి, హిమోగ్లోబిన్ రెండూ తక్కువగా తేలాయి. బిష్కెక్ దాదాపు 43 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ శీతకాలపు ఎండ చర్మంలో విటమిన్ డి తయారీకి చాలదు. మందులు మొదలైనాయి. ఇక కావలసింది కదలిక.

నడకకు వెళ్దామంటే కాలిబాటలు గడ్డకట్టిన మంచుతో నున్నగా ఉన్నాయి. నా వయసులో తుంటి విరిగితే ఏమవుతుందో నాకు తెలుసు. పైగా ఇళ్ళలో, విద్యుత్కేంద్రంలో మండే బొగ్గు పొగ నగరాన్ని కమ్మేస్తుంది. పొగ దట్టమైన రోజుల్లో దక్షిణాన నిలిచిన మంచుకొండలే మాయమవుతాయి. అందుచేత వ్యాయామశాల వెతికాము. మొదటిది నేలమాళిగలో ఉంది, గాలి ఆడదు. రెండవది ఏడాది రుసుము ముందే కట్టమన్నది. మూడవది గదికి ఎనిమిది నిమిషాల దూరంలో, దీపాలున్న వీధిలో ఉంది. సాయంత్రాలు స్త్రీలు ఎక్కువగా వస్తారు. నెలకు మాత్రమే చెల్లించాము.

గుమ్మంలోనే బూట్లు విప్పి, లోపలికి వేరే జోళ్ళు తొడుక్కోవాలి. శిక్షకురాలు నన్ను "అతా" అని పిలిచింది. కిర్గిజ్ భాషలో తండ్రి అని అర్థమట, పెద్దలనూ అలాగే పిలుస్తారట. రొట్టెను నాన్, పుస్తకాన్ని కితేప్, కృతజ్ఞతను రహ్మత్ అంటారని తెలిశాక, పాతబస్తీ ఉర్దూ వింటూ బతికిన నాకు ఆ ఊరు అంత పరాయిదిగా తోచలేదు.

రెండవ వారంలో ఒకనాడు మనవరాలు రానని దుప్పటి కప్పుకుంది. నేనూ బలవంతపెట్టలేదు. రాత్రి ఆమె ఫోనుకు శిక్షకురాలి సందేశం వచ్చింది: ఈరోజు రాలేదేం? ఆ పిల్ల దాన్ని రెండుసార్లు చదివి, నాకు చూపించింది. మరునాడు నాకంటే ముందే జోళ్ళ సంచి భుజానికి తగిలించుకుంది. ఆ సందేశం వల్లనే వ్యాధి నయమైందని నేను చెప్పను. మందులు పనిచేశాయి, వ్యాయామం పనిచేసింది. కానీ ఆ నగరంలో తాను లేని లోటును ఒకరు గుర్తించడం ఆమెకు అదే మొదటిసారి.

నేను తిరిగి రాకముందు పాత నియమాన్ని రద్దు చేశాను. దాని స్థానంలో మరొకటి పెట్టుకున్నాము: దీపాలున్న దారి, వెంట ఒక స్నేహితురాలు, చేరగానే ఒక సందేశం. భయానికి తగిన కారణం ఉన్నప్పుడు జాగ్రత్త అవసరమే. ఆ జాగ్రత్త చెరసాలగా మారకూడదు.

చలిదేశాలకు పిల్లలను పంపేవారికి నా మనవి. బయలుదేరేముందు రక్తపరీక్ష చేయించండి. విటమిన్ డి మాత్రలు వైద్యుని సలహా మేరకే వాడాలి. వారానికి కనీసం 150 నిమిషాల ఒక మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మీరే అక్కడికి వెళ్తుంటే, చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుందని గుర్తుంచుకోండి, ఇన్సులిన్‌ను గడ్డకట్టనీయకండి. బతకాలని లేదన్న మాట పిల్లల నోట ఒక్కసారి వినబడినా, ఆలస్యం చేయక మానసిక వైద్యుని సంప్రదించండి.

ఇప్పుడు ఫోనులో మేము "తిన్నావా?" అన్న ప్రశ్నతో ఆగడం లేదు. "ఈరోజు వెలుగులో ఎంతసేపు ఉన్నావు? ఎవరితో మాట్లాడావు?" అని అడుగుతున్నాము. ఆమె కూడా ఊరుకోదు. "తాతయ్యా, మీరు ఈ వారం డంబెల్ ఎత్తారా?" అంటుంది. ఎత్తని వారాలే ఎక్కువ. అయినా ఆమెతో అబద్ధం చెప్పడం లేదు.