కొర్రబయలులో టామీ పడక

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగికి కొర్రబయలు అనే పేరూ ఉంది. బయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరట! ఎత్తు సుమారు వెయ్యి మీటర్లు మరి.

డిసెంబరులో మా టామీనీ తీసుకెళ్లాం. పదేళ్ల ముసలిది. ఇంట్లో దాని పడక బాల్కనీలోనే. అలవాటుగా అరుగు మీద కట్టేయబోతే, మేం దిగిన ఇంటి పెద్దావిడ ఆపింది. 'దానికి మాత్రం చలెయ్యదా బాబూ?' అంటూ వంటింట్లోకి తీసుకెళ్లింది. ఆరిన పొయ్యి దగ్గర, వెచ్చని బూడిదలో వాళ్ల కుక్క ముడుచుకుని ఉంది. కాస్త గుర్రుమని, పక్కకు జరిగింది. టామీకి గోనెపట్టా పరిచిందావిడ.

పొద్దున్నే పొగమంచులో మాకంటే ముందు టామీయే పరుగు. కుంటే కాలేనా అది?

ఇంటికి రాగానే దాని పడక మా గదిలోకి మార్చాం. పదేళ్లు ఆలస్యంగా!