పెద్ద చేప నదికి, చిన్నది పులుసుకి

పేరు విని మన వాలుగ అనుకోకండి, వాల్‌ఐ వేరే చేప. చీకట్లో లైటు పడితే దాని కళ్లు పిల్లి కళ్లలా మెరుస్తాయి. ఏప్రిల్‌లో ఇవి గుడ్లు పెట్టడానికి ఈరీ సరస్సు నుంచి డెట్రాయిట్ నదిలోకి ఎదురీదుతూ వస్తాయి. ఇటు డౌన్‌టౌన్ మేడలు, అటు కెనడా, మధ్యలో పడవలే పడవలు. నీళ్ల జోరు ఎక్కువ కాబట్టి సీసం బరువున్న గాలాన్ని నది అడుగుకి తాకించి, కాస్త లేపి, మళ్లీ దించాలి. మనిషికి రోజుకి 6 చేపలే. 15 అంగుళాలకి తగ్గితే వదిలేయాలి.

1970లో చేపల్లో పాదరసం బయటపడి ఇక్కడి వేటకి బ్రేక్ పడింది. ఇప్పుడు నీళ్లు చాలా మెరుగు. అయినా మా ఆవిడ కడుపుతో ఉంది. అందుకే నెలకి ఎన్నిసార్లు తినొచ్చో మిషిగన్ ఆరోగ్య శాఖ పట్టికలో చూసే వండుతున్నాం. చేప పెద్దదయ్యే కొద్దీ పాదరసం ఎక్కువ. కాబట్టి పెద్దది ఫొటో దిగి నీళ్లలోకి, చిన్నది లెక్క ప్రకారం పులుసులోకి!