వేటకుక్కకు కావలి

పాంచాలంకురిచ్చిలో కుందేలొకటి వేటకుక్కలను ఎదిరించి తరిమెననియు, అది చూచియే అచట కోట కట్టిరనియు మన పెద్దలు చెప్పుదురు. ఆ కోటనేలిన కట్టబొమ్మనను 1799 అక్టోబరు 16న మన కయత్తారులోనే ఉరితీసిరి. కుందేటి మాట కథయే కావచ్చును. అయినను మన కన్ని, చిప్పిపారై కుక్కల గుట్టు అందులో లేకపోలేదు. అవి పరుగున మేటివి, పెనుగులాటకు చాలవు. పలుచని చర్మము అడవిపంది కోరకు ఇట్టే చీలును. పడమటి కొండల అంచున చిరుతభయమును కలదు. హిమాలయములలో గొఱ్ఱెలకాపరులు కుక్కమెడకు ముండ్ల ఇనుపపట్టెడ తొడుగుదురు. చిరుత పట్టునది గొంతు గదా! నా మట్టుకు, రాత్రి బయట గొలుసుతో కట్టుటయే పెద్ద ద్రోహము. పరుగు తప్ప వేరాయుధము లేని ప్రాణికి ఆ పరుగునే బంధించినట్లగును. కొట్టములో ఉంచి తలుపు వేయవలెను.

1972 నాటి వన్యప్రాణి చట్టమును బట్టి నేడు వేట నేరము. వేటలేని కుక్కను మేపనేలయని పిల్లలడుగుచున్నారు. ఇంట తెలుగేలయని అడిగినవారును వీరే!